చెయ్యి కనిపించని పనితనం

బెంగళూరు హోసూరు రోడ్డులో ఊరి వైపు కొసన కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అదే రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతే ఎలక్ట్రానిక్ సిటీ, అది దాటితే బొమ్మసంద్ర పారిశ్రామికవాడ. హిందూపురం, కదిరి, మదనపల్లె, కుప్పం వైపు నుంచి రిపోర్టుల సంచీతో వచ్చే మన రోగులకు ఈ రోడ్డులో ఆసుపత్రి ఉన్న కొస బాగా తెలుసు. రెండో కొసన జరిగిన ఒక పని గురించి ఈ వ్యాసం. ఆ పని పాకిపోయిన కడుపు క్యాన్సర్‌కు వాడే ఒక మందును, దాని తయారీ పద్ధతి తెలియకుండానే, మొదటి నుంచీ మళ్లీ తయారుచేయడం. మందు పేరు ట్రాస్టుజుమాబ్. చేసింది బయోకాన్.

క్యాన్సర్ పరిశోధన అనగానే కొత్త అణువు కనిపెట్టినవాళ్లే గుర్తుకొస్తారు. వాళ్ల గౌరవం వాళ్లది. అయితే ఉన్నదాన్ని ఉన్నట్టుగా, తేడా తెలియకుండా మళ్లీ చేయడం కూడా పరిశోధనే. అందులో ఒక అరుదైన క్రమశిక్షణ ఉంది. చేసినవాడి చెయ్యి ఎక్కడా కనిపించకూడదు. కనిపించిందంటే పని చెడినట్టే.

జబ్బు, మందు

కడుపు క్యాన్సర్ చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. ఆకలి మందగించడం, నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్టుండటం, నీరసం, రక్తం తగ్గడం: వీటిని గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ నెలలు గడుపుతారు. ఎండోస్కోపీ దాకా వచ్చేసరికి గడ్డ కాలేయానికో, పొట్ట లోపలి పొరకో పాకి ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా 2022లో ఈ జబ్బు కొత్తగా సుమారు 9.68 లక్షల మందికి వచ్చింది, 6.6 లక్షల మంది ప్రాణం తీసింది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా మిజోరంలో, దీని తాకిడి ఎక్కువ. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలోనూ ఎక్కువే.

పాకాక కోతతో పని జరగదు. కీమోతో అదుపు చేయాలి. చాలా ఏళ్లు అంతకు మించిన దారి లేదు. 2010లో టోగా అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 24 దేశాల్లో జరిగిన ఆ పరీక్షకు దక్షిణ కొరియా వైద్యుడు యుంగ్ జూ బాంగ్ నాయకత్వం వహించారు. కొందరి కడుపు క్యాన్సర్ కణాల మీద హెర్-2 అనే రిసెప్టర్ విపరీతంగా పేరుకుని ఉంటుంది. పరీక్ష కోసం గాలించినవారిలో ఇలాంటివారు నూటికి 22 మంది తేలారు. వాళ్లలో కొందరికి కీమో ఒక్కటే ఇచ్చారు, కొందరికి కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం మొదటి జట్టులో 11.1 నెలలు, రెండో జట్టులో 13.8 నెలలు. హెర్-2 గట్టిగా కనిపించినవారిలో తేడా ఇంకా పెరిగింది: 11.8కి 16. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పాకిన కడుపు క్యాన్సర్‌కు ఈ మందును ఆమోదించింది.

ట్రాస్టుజుమాబ్ అంతకు ముందే రొమ్ము క్యాన్సర్‌లో పేరు తెచ్చుకుంది. హెర్-2 జన్యువు ప్రతులు పెరిగిన రొమ్ము క్యాన్సర్ మొండిదని 1987లో లాస్ ఏంజెలెస్ వైద్యుడు డెనిస్ స్లామన్ బృందం చూపింది. ఆ రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీని జెనెంటెక్ కంపెనీ శాస్త్రవేత్తలు మొదట ఎలుకలో తయారుచేశారు. తర్వాత పాల్ కార్టర్, లెన్ ప్రెస్టా తదితరులు పట్టు దొరికే కొద్ది భాగాన్ని మాత్రం ఎలుకదిగా ఉంచి, మిగతాదంతా మనిషి యాంటీబాడీగా మలిచారు. 1998 సెప్టెంబరులో హెర్సెప్టిన్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది.

ఏం చేయాలో తెలుసు, ఎలాగో తెలియదు

ఆస్పిరిన్ అణువు బరువు 180 డాల్టన్లు. ట్రాస్టుజుమాబ్ బరువు లక్షా 48 వేల డాల్టన్లు. 1,300కు పైగా అమైనో ఆమ్లాలు నాలుగు గొలుసులుగా అల్లుకుని, ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో ముడుచుకుని ఉంటాయి. పైనున్న రెండు చేతులు క్యాన్సర్ కణం మీది హెర్-2ను పట్టుకుంటాయి. కింది కాడ మన రక్తంలోని సహజ హంతక కణాలను రప్పించి, పట్టుబడ్డ కణాన్ని చంపిస్తుంది. పై చేతులు ఎంత ముఖ్యమో కాడ కూడా అంతే ముఖ్యం.

ఆస్పిరిన్‌ను ఎవరు చేసినా ఆస్పిరినే. ఫార్ములా ఉంటే చాలు. ట్రాస్టుజుమాబ్‌ను మనుషులు కాదు, బతికున్న కణాలు చేస్తాయి. అమైనో ఆమ్లాల వరస అందరికీ తెలిసిన విషయమే. ఏ కణంతో చేశారు, దానికి ఏం తినిపించారు, ఎన్ని రోజులు, ఎంత వేడిలో పెంచారు అన్నది మాత్రం మూల కంపెనీ రహస్యం. బయోకాన్ చేతిలో ఉన్నది బజారులో కొన్న తయారైన మందు మాత్రమే. వియ్యపురాలు పంపిన ఆవకాయ జాడీ ముందు పెట్టుకుని, కొలతలు అడగకుండా, అదే రుచి వచ్చేలా కలపమన్నట్టుంది ఈ పని. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అని అందరికీ తెలుసు. అయినా ఏ కాయ, ఏ నూనె, ఎన్నాళ్లు ఊరింది అన్న చోట రుచి మారిపోతుంది.

ఇంత పనికి దిగేనాటికి బయోకాన్‌కు కొంత చేయి తిరిగింది. 1978లో కిరణ్ మజుందార్ షా బెంగళూరులో ఒక అద్దె గ్యారేజీలో 10 వేల రూపాయల పెట్టుబడితో మొదలుపెట్టిన కంపెనీ ఇది. బొప్పాయి పాల నుంచి పపైన్, చేపల నుంచి బీరు తేర్చడానికి వాడే ఐసింగ్లాస్ దాని తొలి సరుకులు. ఎంజైముల నుంచి పులియబెట్టే పద్ధతులకు, అక్కడి నుంచి ఇన్సులిన్‌కు వెళ్లింది. 2006లో క్యూబా శాస్త్రవేత్తలు రూపొందించిన నిమోటుజుమాబ్‌ను తల, మెడ క్యాన్సర్ల కోసం ఇక్కడే తయారుచేసి యాంటీబాడీల పనిలో అడుగుపెట్టింది. 2009లో అమెరికా కంపెనీ మైలాన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలోని ముఖ్యమైన మందుల్లో ట్రాస్టుజుమాబ్ ఒకటి.

కణానికి పని నేర్పడం

యాంటీబాడీలు తయారుచేసే కణాలు చాలావరకు చైనా హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి వచ్చినవి. 1957లో థియోడర్ పక్ వేరుచేసిన కణాల వంశమే ఇప్పటికీ నడుస్తోంది. ట్రాస్టుజుమాబ్ జన్యువును ఈ కణాల్లోకి పంపిస్తే అన్నీ ఒకేలా స్పందించవు. ఒకటి ఎక్కువ మందు చేస్తుంది కానీ నాలుగు తరాలకు మరిచిపోతుంది. మరొకటి నిలకడగా ఉంటుంది కానీ మందు అణువుకు అది అతికించే చక్కెరల తీరు వేరు. వేల కణాల్ని విడివిడిగా పెంచి, కొలిచి, వడగట్టి చివరికి ఒక్కదాన్ని ఎంచుకుంటారు. దాని సంతతిని చిన్న గొట్టాల్లో నింపి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాస్తారు. ఆ తర్వాత ఎన్నేళ్లు మందు తయారైనా ప్రతి విడతకూ మూలం ఆ నిల్వలోని ఒక గొట్టమే.

గొట్టం కరిగించి చిన్న ఫ్లాస్కులో పెంచుతారు. అది నిండితే ఇంకాస్త పెద్దదానిలోకి, చివరికి వేల లీటర్ల స్టీలు బయోరియాక్టర్లలోకి మారుస్తారు. రెండు వారాల పాటు ఆ కణాలకు గ్లూకోజు, అమైనో ఆమ్లాలు సమయానికి అందాలి. ఆక్సిజన్ తగ్గకూడదు, ఆమ్లత పెరగకూడదు, వేడి డిగ్రీ అటూ ఇటూ కాకూడదు. ఇవన్నీ కణాలు బతకడానికి మాత్రమే కాదు. ప్రతి సర్దుబాటూ మందు స్వభావంలో బయటపడుతుంది.

అది ఎలాగో తెలియాలంటే వై ఆకారం కాడ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఒక్కో బరువైన గొలుసు మీద 297వ స్థానంలో ఒక చక్కెర కొమ్మ అతికి ఉంటుంది. మొత్తం అణువు బరువులో దాని వాటా నూటికి రెండో మూడో. హంతక కణం ఎంత గట్టిగా వచ్చి పట్టుకుంటుందో ఆ కొమ్మ చాలావరకు నిర్ణయిస్తుంది. కొమ్మ మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే పట్టు సడలుతుంది, లేకపోతే బిగుస్తుంది. తిండిలో మాంగనీసు కాస్త పెరిగితే కొమ్మ చివర గెలాక్టోజ్ పెరుగుతుంది. కణాన్ని ఒకరోజు ఎక్కువ పెంచితే ఇంకోరకం మార్పు వస్తుంది. వేల లీటర్ల పాత్రకు బయట మీటలు తిప్పుతూ, లోపల ప్రతి అణువు మీది చక్కెరల అమరికను దారిలో పెట్టాలి.

ఇక్కడే నాకు ఈ పనివాళ్ల మీద గౌరవం పెరిగింది. ఫ్యూకోజ్ తగ్గిస్తే హంతక కణాల పట్టు పెరుగుతుంది కదా, అలాగే చేసి మూల మందు కంటే మేలైనది ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. చేయగల నేర్పు ఉన్నవాడికి ఆ ఆశ సహజం. కానీ మేలైనదైతే అది వేరే మందు. రోగుల మీద దాని పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకని తెలిసిన మెరుగుదలను తెలిసే పక్కన పెట్టి, మూల మందు ఎక్కడ బలంగా ఉందో అక్కడ బలంగా, ఎక్కడ మామూలుగా ఉందో అక్కడ మామూలుగా చేయాలి. ప్రతిభ చూపించాలన్న కోరికను అణుచుకోవడం కూడా ఈ పనిలో ఒక భాగం.

దీనికి తోడు మూలం కూడా స్థిరంగా ఉండదు. కణాలు చేసేది కాబట్టి హెర్సెప్టిన్‌లోనూ ఒక విడతకూ ఇంకో విడతకూ స్వల్ప తేడాలుంటాయి. కొరియాలోని శామ్‌సంగ్ బయోఎపిస్ శాస్త్రవేత్తలు ఐరోపా, అమెరికా మార్కెట్లలో కొన్న వందకు పైగా హెర్సెప్టిన్ విడతలను కొలిచి 2017లో ఫలితాలు ప్రచురించారు. 2018 ఆగస్టు నుంచి గడువు తీరే విడతల్లో కొన్నిటిలో చక్కెరల తీరు మారింది, హంతక కణాలను రప్పించే శక్తి చెప్పుకోదగ్గంత తగ్గింది అని వారు చూపారు. అంటే బయోసిమిలర్, అంటే ఇలా మూల మందును పోలిన మందు, చేసేవాళ్లకు గురి ఒక చుక్క కాదు, ఒక పరిధి. ఏళ్ల తరబడి వేర్వేరు దేశాల నుంచి మూల మందు కొంటూ, ప్రతి విడతనూ కొలుస్తూ ఆ పరిధి హద్దులు ముందు గీసుకోవాలి. తర్వాత తమ సరుకు ఆ హద్దుల్లో నిలపాలి.

కణాలు పని ముగించాక వాటిని వడకట్టి, ద్రవాన్ని ప్రొటీన్-ఏ నింపిన స్తంభం గుండా పంపుతారు. యాంటీబాడీ దానికి అతుక్కుంటుంది, మిగతా మలినాలు కారిపోతాయి. ఆమ్లం పోసి యాంటీబాడీని విడిపిస్తారు. ఆ ఆమ్లంలోనే కాసేపు ఉంచడం వల్ల వైరస్‌లు ఉంటే చస్తాయి. ఆ తర్వాత ఇంకొన్ని స్తంభాలు, వైరస్ దూరలేని సన్నటి వడపోతలు. చివరికి ద్రవాన్ని గడ్డకట్టించి, శూన్యంలో తేమ లాగేసి తెల్లటి పొడిగా వయల్లో మూసేస్తారు.

ఈ మొత్తం ప్రయాణంలో తయారీదారుకు సొంత ఎంపిక దక్కే చోటు ఈ చివరి మెట్టే. మందు అణువును కాపాడటానికి హెర్సెప్టిన్ పొడిలో ట్రెహలోజ్ అనే చక్కెర, పాలీసార్బేట్ వాడారు. బెంగళూరు మందులో వాటి బదులు సార్బిటాల్, మాక్రోగాల్ ఉన్నాయి. అణువులో తేడా రాకూడదన్నది నియమం. దాన్ని చుట్టిపెట్టే సామగ్రిలో తేడాకు అనుమతి ఉంది. ఆ కాస్త స్వేచ్ఛను కూడా మందు పాడవకుండా చూడటానికే వాడుకున్నారు.

పోలిక నిరూపించడం

చేశాం, ఒకేలా ఉంది అంటే ఎవరూ ఒప్పుకోరు. అణువును ఎంజైములతో ముక్కలు చేసి, ప్రతి ముక్క బరువు తూచి, అమైనో ఆమ్లాల వరస సరిపోయిందని చూపాలి. చక్కెర కొమ్మలు ఊడదీసి ఏ రకం ఎంత శాతమో లెక్కపెట్టాలి. ముడుచుకున్న ఆకారాన్ని కాంతితో పరీక్షించాలి. హెర్-2 పెరిగిన కణాలను గిన్నెల్లో పెంచి, మందు వాటి ఎదుగుదలను ఎంత ఆపిందో, హంతక కణాలను కలిపితే ఎన్ని చచ్చాయో మూల మందు పక్కన పెట్టి కొలవాలి. ఇలాంటి పరీక్షలు డజన్ల కొద్దీ ఉంటాయి.

మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్ష పేరు హెరిటేజ్. హెర్-2 పెరిగి పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలు 500 మందిని చేర్చుకున్నారు. కొందరికి హెర్సెప్టిన్, కొందరికి బెంగళూరు మందు, రెండు జట్లకూ తోడుగా కీమో. 458 మందిని లెక్కలోకి తీసుకుని 24 వారాలకు చూస్తే, గడ్డలు తగ్గినవారు బెంగళూరు మందు జట్టులో నూటికి 69.6, హెర్సెప్టిన్ జట్టులో 64. ఈ తేడాకు అర్థం బెంగళూరు మందు మేలని కాదు, సమానమని. రెండూ ముందే గీసుకున్న సమానతా హద్దుల్లోపలే పడ్డాయి. హోప్ రూగో నాయకత్వంలోని బృందం ఈ ఫలితాలను జామా పత్రికలో ప్రచురించింది.

2017 జులై 13న అమెరికా నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం ఈ మందును చర్చించింది. చక్కెరల్లో కనిపించిన చిన్న తేడాలు మందు పనితీరును మార్చవని వాళ్లకు నమ్మకం కుదిరింది. ఓట్లు 16-0. డిసెంబరు 1న ఓగివ్రి పేరుతో ఆమోదం వచ్చింది. రొమ్ము, కడుపు క్యాన్సర్లకు అమెరికా ఒప్పుకున్న మొదటి బయోసిమిలర్ అది.

అక్కడ కడుపు క్యాన్సర్ అన్న మాట దగ్గర ఆగాలి. హెరిటేజ్‌లో కడుపు క్యాన్సర్ రోగి ఒక్కరూ లేరు. అయినా ఆ జబ్బుకు అనుమతి వచ్చింది. అణువు అదే అయినప్పుడు, పట్టుకునే రిసెప్టర్ అదే అయినప్పుడు, టోగాలో హెర్సెప్టిన్ తెచ్చిన మేలు ఈ మందూ తెస్తుందన్నది తర్కం. వినడానికి ఇది దొడ్డిదారిలా ఉంటుంది. నిజానికి పనితనానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. మందును చూడని రోగికి మందు పనిచేస్తుందని చెప్పాలంటే ప్రయోగశాలలో తీసిన ప్రతి కొలతా ఆ భారం మోయాలి. చక్కెర కొమ్మ మీద గడిపిన ఏళ్లు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

దారి నున్నగా సాగలేదు. 2013లో హెర్సెప్టిన్ అమ్మే రోష్ కంపెనీ ఈ మందుకు భారతదేశంలో ఉన్న పేటెంటును వదులుకుంది. ఆ ఏడాది చివర్లో మన ఔషధ నియంత్రణాధికారి బయోకాన్ మందుకు అనుమతి ఇచ్చారు. 2014 ఆరంభంలో కాన్‌మాబ్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చిందో లేదో, రోష్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అనుమతి ఇచ్చిన తీరు మీద, మందు పెట్టెలోని కాగితం మీద ఏం రాయవచ్చన్నదాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2017లో ఐరోపా తనిఖీదారులు బెంగళూరులో ఇంజెక్షన్లు నింపే విభాగంలో లోపాలు ఎత్తిచూపారు. ఐరోపాలో పెట్టుకున్న దరఖాస్తును కంపెనీలు వెనక్కి తీసుకుని, సరిదిద్దుకుని మళ్లీ పెట్టాయి. 2018 డిసెంబరులో గానీ అక్కడ ఆమోదం రాలేదు. అణువు ఎంత చక్కగా ఉన్నా, వయల్ నింపే గదిలో గాలి శుభ్రం కాకపోతే పని పూర్తి కానట్టే. ఆ పట్టింపు సరైనదేనని నా అభిప్రాయం.

స్లైడు చదివే చెయ్యి

మందు ఎంత బాగా చేసినా ఎవరికి ఇవ్వాలో తేల్చేది వేరే పనివాళ్లు. వాళ్లు పాథాలజిస్టులు. కడుపులోని గడ్డ నుంచి తీసిన ముక్కను సన్నగా కోసి, హెర్-2 ఉన్నచోట గోధుమరంగు తేలేలా అద్దకం వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో కణం చుట్టూ రంగు పూర్తి వలయంగా కనిపించాలి. కడుపు కణాలు గ్రంథుల ఆకారంలో నిలబడి ఉంటాయి కనుక గ్రంథి లోపలి అంచుకు రంగు పట్టదు. పక్కలకూ అడుగుకూ మాత్రం పట్టి, వలయానికి బదులు యు అక్షరంలా కనిపిస్తుంది. రొమ్ము నియమాలతో చదివితే ఇది నెగటివ్. ఆ రోగికి మందు అందదు.

అందుకే 2008లో కడుపు క్యాన్సర్‌కు ప్రత్యేక నియమాలు వచ్చాయి. వలయం పూర్తి కానక్కరలేదు. చిన్న బయాప్సీ ముక్కలో ఐదు కణాల గుంపుకు రంగు గట్టిగా పట్టినా చాలు. ఇందులో ఒక చక్కటి చేతిపని సూత్రం ఉంది. తక్కువ పెంపుతోనే, అంటే రెండున్నర లేదా ఐదు రెట్ల లెన్సుతోనే రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తే 3 ప్లస్. పది, ఇరవై రెట్ల లెన్సు పెడితే గానీ తెలియకపోతే 2 ప్లస్, అప్పుడు జన్యువు ప్రతులు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయాలి. నలభై రెట్ల లెన్సు కావాల్సి వస్తే 1 ప్లస్, నెగటివ్ కిందే లెక్క.

ఇంకో చిక్కు కూడా ఉంది. కడుపు గడ్డలో హెర్-2 అంతటా ఒకేలా ఉండదు. ఒక మూల నిండుగా ఉండి పక్క మూలలో అసలు లేకపోవచ్చు. అందుకని ఎండోస్కోపీ చేసే డాక్టరు ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టకుండా ఆరు నుంచి ఎనిమిది తీయాలి. ముక్క సరిగా తీయకపోతే స్లైడు చదివేవారు ఏమీ చేయలేరు. స్లైడు తప్పు చదివితే బొమ్మసంద్రలో పడ్డ కష్టం ఆ రోగికి అందదు.

ధర సంగతి

కాన్‌మాబ్ విడుదలైనప్పుడు 440 మిల్లీగ్రాముల వయల్ ధర 57,500 రూపాయలు. 150 మిల్లీగ్రాములది 19,500. మూల మందు కంటే ఇది సుమారు నాలుగో వంతు తక్కువని కంపెనీ చెప్పింది. చిన్న వయల్ ఎందుకంటే లెక్క వేసి చూడండి. కడుపు క్యాన్సర్‌లో మొదటిసారి కిలో బరువుకు 8 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకోసారి 6 చొప్పున ఇస్తారు. జబ్బుతో చిక్కి 50 కిలోలకు వచ్చిన మనిషికి రెండోసారి నుంచి 300 మిల్లీగ్రాములు చాలు. అంటే రెండు చిన్న వయళ్లు సరిగ్గా సరిపోతాయి, అప్పటి ధరలో 39 వేలు. పెద్దది కొంటే 140 మిల్లీగ్రాములు మిగులుతాయి. ఆ మిగిలినదాన్ని తగిన ద్రవంతో కలిపి చల్లగా ఉంచితే 28 రోజులు వాడుకోవచ్చు గానీ, ఊరు దూరమైనవారికి ఆ ఏర్పాట్లు కష్టం. వయల్ పరిమాణం కూడా పనితనంలో భాగమేనని ఈ లెక్క చెబుతుంది.

ఆ 39 వేలు కూడా చాలా కుటుంబాలకు తక్కువేమీ కాదు, మూడు వారాలకోసారి అంటే అసలే కాదు. అయితే తర్వాతి ఏళ్లలో ఇంకొందరు తయారీదారులూ ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్లతో దిగడం వల్ల ధరల మీద ఒత్తిడి పెరిగింది. ఒక్క చేతిలో ఉన్న మందు పది చేతుల్లోకి వస్తేనే ఇలా జరుగుతుంది.

పాతదాని మీద కొత్తది

టోగాలో దక్కింది 2.7 నెలలే కదా, ఇంత శ్రమ దానికేనా అని అడగవచ్చు. జవాబు తర్వాతి పదేళ్లలో ఉంది. కడుపు క్యాన్సర్‌లో హెర్-2ను ఇంకా బాగా కొడదామని చాలామంది ప్రయత్నించారు. లాపాటినిబ్ మాత్ర ఫలించలేదు. రొమ్ము క్యాన్సర్‌లో మెరిసిన టి-డిఎం1 అనే మందు గాట్స్‌బీ పరీక్షలో నిలవలేదు. పెర్టుజుమాబ్‌ను కలిపిన జాకబ్ పరీక్ష కూడా గురి చేరలేదు. ఆ పదేళ్లూ ఈ రోగులకు నిలిచిన హెర్-2 మందు ట్రాస్టుజుమాబ్ ఒక్కటే.

తర్వాత నిజంగా ముందుకు తీసుకెళ్లినవి కూడా దాన్ని పక్కన పెట్టినవి కావు, దాని మీద కట్టినవి. కీనోట్-811 పరీక్షలో రెండు జట్లకూ ట్రాస్టుజుమాబ్, కీమో ఇచ్చారు. ఒక జట్టుకు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్ అదనం. మధ్యస్థ జీవితకాలం 16.8 నెలల నుంచి 20 నెలలకు చేరింది. పెంబ్రోలిజుమాబ్ లేని జట్టు కూడా టోగా నాటి అంకె దాటిందని గమనించాలి.

రెండోది ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్. ట్రాస్టుజుమాబ్ అమైనో ఆమ్లాల వరసనే తీసుకుని, ఒక్కో యాంటీబాడీకి ఎనిమిది విష అణువులను తగిలించారు. యాంటీబాడీ హెర్-2ను పట్టుకుని కణంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములు ముడి విప్పుతాయి. బయటపడిన విషం ఆ కణాన్ని చంపి, పొరలు దాటి హెర్-2 లేని పక్క కణాలనూ తాకుతుంది. గడ్డలో హెర్-2 అక్కడక్కడే ఉండే కడుపు క్యాన్సర్‌కు ఇది బాగా కుదిరింది. జపాన్, కొరియాల్లో జరిగిన డెస్టినీ-గ్యాస్ట్రిక్01 పరీక్షలో అప్పటికే చాలా మందులు వాడేసిన రోగుల్లో సగం మందికి గడ్డలు తగ్గాయి. మామూలు కీమోతో తగ్గినవారు నూటికి 14 మంది. జీవితకాలం 8.4 నెలల నుంచి 12.5కు పెరిగింది. మన దేశం 2024 జులై బడ్జెట్లో ఈ మందు మీద కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తేసింది. అయినా అది చాలామందికి అందని ధరలోనే ఉంది.

బొమ్మసంద్ర పనితనానికి రేపటి విలువ ఇక్కడే ఉందనుకుంటాను. ఈ కొత్త మందు పేటెంట్లు కూడా ఎప్పటికైనా ముగుస్తాయి. అప్పుడు దాన్ని మళ్లీ చేయాలంటే యాంటీబాడీ, దాని చక్కెర కొమ్మ, విషం, విషాన్ని తగిలించే ముడి, ఒక్కోదానికి సరిగ్గా ఎనిమిది అన్న లెక్క, ఇవన్నీ మూల మందు నుంచే చదివి తెలుసుకోవాలి. ట్రాస్టుజుమాబ్ కంటే అది ఎన్నో రెట్లు కష్టం. ఆ పనికి పునాది ట్రాస్టుజుమాబ్‌ను అక్షరం పొల్లుపోకుండా చేయడం నేర్చుకున్న చేతులే. అలాంటి చేతులు మన దేశంలో ఇప్పుడున్నాయి, బెంగళూరుతో పాటు హైదరాబాదులోనూ. కొత్తది కనిపెట్టినవారికి ఇచ్చే గౌరవంలో కొంతైనా వీరికి దక్కాలి. వీరి పనిలో వీరి గుర్తు కనిపించదు కాబట్టి, ఆ గౌరవం ఇవ్వడం మనం ప్రయత్నించి నేర్చుకోవాల్సిందే.